ఆల్-ఇన్-వన్ కంప్యూటరు: మా యభిప్రాయము

తెరవెనుకనే యంత్రమంతయు నిమిడియుండు కంప్యూటరును ఆల్-ఇన్-వన్ అందురు. 1984లో వెలువడిన మెకింటాషు, 1998 నాటి ఐమాకు ఈ జాతివే.

మా నిడదవోలు పాఠశాలయం దట్టిది యొకటి కలదు. తీగలు తక్కువ, బల్లపై పుస్తకమునకు చోటు మిగులును. దాని యందమునకు మేమందఱము మురిసితిమి. పరీక్షలు సమీపించిన వేళ దాని తెర చెడెను. విడి తెర యైనచో వేఱొకటి తగిలించి నాటి పాఠము నాడే ముగించియుందుము. ఇదియో, సర్వమును మూటగట్టుకొని మరమ్మతునకు రాజమహేంద్రవరము పోయెను. మేము వ్రాసికొన్న పాఠములును దాని కడుపులోనే యుండిపోయెను. నెలదినములు బల్ల బోసిపోయినది.

రైలులో నొక పెట్టె చెడినచో దానిని విడదీసి బండిని సాగనంపుదురు. జంక్షను ఊరివారము గనుక మే మెఱుఁగుదుము. ఇరుకైన యింటికి ఆల్-ఇన్-వన్ మేలే. పదుగురు పంచుకొను బడికి మాత్రము విడదీసి బాగుచేయ వీలగునదియే తగును. యంత్రములు గొను పెద్దలు అందముతోపాటు దీనినిగూడ విచారింతురు గాక!