ఇట్టర్బీ గని

స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునకు ఈశాన్యదిశను, సముద్రములో చెదరియున్న వేలకొలది దీవులలో రెసారో యనునది యొకటి. వంతెనమీదుగా బస్సు పోవును. అందు ఇట్టర్బీ యను చిన్నపల్లె కలదు. ఆ దేశభాషలో దానికి వెలుపలి యూరని యర్థమట. చెల్లెలి పురిటికై గతవేసవిలో అచ్చటికి వెళ్లిన మేము, ఒకనాటి మధ్యాహ్నము తీరిక చేసికొని దానిని చూచితిమి.

చూచుటకు గోపురములు లేవు, ప్రాకారములు లేవు. కొండచరియలో నొక గొయ్యి, చుట్టును సరళవృక్షములు, కాలిక్రింద తెల్లని పలుగురాళ్లు, గులాబిచాయగల రాతిముక్కలు. పూర్వము పలుగురాతిని ఇనుపకొలుములకును, ఫెల్డ్‌స్పారు రాతిని పింగాణిపాత్రలకును త్రవ్వుకొనిరి. 1933లో త్రవ్వకము నిలిచెను. మేము వెలుపల నిలిచియే చూచితిమి. ఇంతదూరము పోయి గోతిని చూచుటేమని సోదరీమణులకు తోచవచ్చును. మావారికిని మొదట నట్లే తోచినది.

1787లో ఆర్హేనియస్ అను సైనికోద్యోగి యిచ్చట బరువైన నల్లరాతి నొకదానిని కనుగొనెను. 1794లో గాడొలిన్ పండితుడు దానిని శోధించి, అందు క్రొత్త మృత్తిక యున్నదని తెలిపెను. తరువాతివారు దానినుండి మూలకముల నొకదానివెంట నొకటిగా వేఱుచేసి, నాలుగింటికి ఈ పల్లెపేరే పెట్టిరి: ఇట్రియము, టెర్బియము, ఎర్బియము, ఇట్టర్బియము. నాయనమ్మ సీతామహాలక్ష్మియైనచో మనుమరాండ్రకు సీత, మహాలక్ష్మి, లక్ష్మి యని పంచిపెట్టినట్లున్నది! విరళమృత్తికలని పేరేకాని అన్నియు నంత యరుదు కావు. వీనిలోనిదే యగు సీరియము భూమిపొరలో ఇంచుమించు రాగియంత కలదు. మన శ్రీకాకుళ, విశాఖ తీరముల యిసుకలోని మోనజైటునందును కలదు.

మీ సెల్‌ఫోను వెనుకనుండు చిన్నదీపము నార్పి చూడుడు, పసుపుబొట్టువలె కనబడును. లోపల పుట్టునది నీలికాంతి. పైపూతలోని స్ఫటికము ఇట్రియము, అల్యూమినియము, ఆమ్లజనులతో నైనది. అందు రవంత సీరియము కలిపియుందురు. అది నీలికాంతిలో కొంత మ్రింగి పసుపుకాంతిని విడుచును. రెండును కలిసి మన కంటికి తెల్లనగును.

ఈ లోహముల యయానులలో వెలుగునిచ్చు ఎలక్ట్రానులు సాధారణముగా లోపలిపొరలో నుండును. మండువాలోగిలి నడిమిగదిలోని దీపమునకు వీధిగాలి సోకనట్లు, చుట్టునున్న గాజుగాని స్ఫటికముగాని వానిని మిక్కిలి కదలింపజాలదు. కావుననే టెర్బియమునకు ఆకుపచ్చ, యూరోపియమునకు ఎఱుపు అని నియతమైన రంగులు. పాత టెలివిజనులలోని యెఱుపు యూరోపియముదే. సీరియము మాత్రము వీధియరుగుమీది దీపము. దాని యెలక్ట్రాను బయటిపొరకు వచ్చి పోవునుగనుక, ఉన్నచోటునుబట్టి రంగు మారును.

మమ్ము ఆ గోతికడకు రప్పించినది ఎర్బియము. రాజమహేంద్రవరమున మా యమ్మ మంచముపట్టి యున్నది. ప్రయాణము వలదని వైద్యులనిరి. మనుమరాలిని ఫోనులోనే చూచి, తెరమీద వ్రేలితో పాపనుదురు నిమిరినది. ఆ బొమ్మయు, పాపయేడుపును సముద్రముక్రింది గాజుతీగలలో కంటికి కానరాని వెలుగై పోవును. ఎంత స్వచ్ఛమైన గాజైనను, సుమారు 15 కిలోమీటర్లకు వెలుగు సగమగును. మఱి 15 పోయినచో పాతికవంతే మిగులును. ఇట్లైన రాజమహేంద్రవరమునకు చేరునదేమి? అందులకై దారిలో అక్కడక్కడ ఎర్బియము కలిపిన గాజుతీగను కొన్ని మీటర్లు చేర్తురు. ప్రక్కనుండి మఱియొక లేసరుకాంతి ఆ యయానులకు శక్తి నిచ్చి యుంచును. అలసిన వెలుగు వచ్చి తాకగానే, భజనలో ఒకరెత్తిన పాటను పదిమంది అదే శ్రుతిలో నందుకొన్నట్లు, అయానులు అదే వెలుగును విడిచి దానిని బలపఱచి పంపును. ఈ సాధనము 1987లో వెలువడెను. ఎత్తుకొనుటకు మాత్రము అది చాలదు. ఫోను పెట్టినపిదప అమ్మ ఏమి చేయునో చెల్లెలును మేమును తలచుకొనలేదు, మాటాడుకొనలేదు.

గనియొద్దనుండియే అమ్మకు ఫోను చేసి, ఆ గోతిని చూపితిమి. వెలుగు కథయంతయు విని, "వెలుగంటివి, అంతయు చీకటిగా నున్నదేమే? పాపను చూపుము" అనినది. పాప యింటికడ నుండుటచే, బస్సెక్కి తిరిగి వచ్చితిమి.