మూడంగుళాల చాకు

మా అయ్యకి జేబున్న చొక్కా లేదు. జేబులో పెట్టుకునే మడతచాకు మాత్రం ఉండేది. పనికెళ్లేటప్పుడు గోచీ, తలకో తువ్వాలు, అంతే. చాకుని మొలతాడుకి కట్టి రొంటిన దోపుకునేవాడు. మొలతాడు నల్లది, చాకు పిడి నల్లది, అయ్యా నలుపే. దూరం నుంచి చూస్తే అక్కడో చాకుందని తెలిసేది కాదు.

మాది చోడవరం దగ్గర పల్లె. అప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. గోవాడ సుగరు ఫ్యాక్టరీకి చెరకు తోలే ఊళ్లలో మాదీ ఒకటి. చెరకు ఊరిది, దాన్ని కొట్టే చేతులు మా మాలపేటవి. అయ్య ఒక కామందు దగ్గర కంబారి. ఇంట్లో ఉన్న చెరకు కత్తి, కొడవలి, గునపం అన్నీ కామందు పని కోసం ఉన్నవే, సగం ఆయన కొనిచ్చినవే. చాకు ఒక్కటే అయ్య తనకోసం కొనుక్కున్నది. అనకాపల్లి నూకాలమ్మ తీర్థంలో, కొత్తమావాస్య నాడు, రెండు రోజుల కూలి పెట్టి కొన్నాడట. “తిండికి నేదు గానీ సాకు కావలసొచ్చింది మీ అయ్యకి” అని అమ్మ దెప్పేది. దెప్పిన నోటితోనే “ఓసారి ఆ సాకిలాగియ్యి” అనేది.

ఆ చాకుతో ఏం పనంటారా? ఎరువు బస్తా మూతికుట్టు తెంపాలన్నా, పేనిన గోగునార తాడు కొస కత్తిరించాలన్నా, మెడకి బిగుసుకుపోయిన పలుపు కోసి ఎద్దుని బతికించాలన్నా చాకే. నా పెన్సిలు చెక్కినా చాకే. అన్నిటికంటే ఎక్కువ పని ముళ్లది. ఊరి వీధిలో మేము చెప్పులేసుకుని నడవకూడని రోజులవి. తుమ్మముల్లు అరికాల్లో విరిగిపోతే, అమ్మ చాకు మొనని దీపం మంట మీద కాల్చి, చల్లార్చి, ముల్లు తీసేది. మా ఇంటి చుట్టుపక్కల ఆ చాకు మొన తగలని అరికాలు లేదు.

మడతచాకులో గొప్పంతా దాని మడతే. పిడిలో గాడి, గాడిలో అలుగు, అలుగు మొదట్లో ఒక మేకు. వెనకాల ఒక ఉక్కుపట్టీ స్ప్రింగులా అదిమి పట్టుకుంటుంది. అందుకే తెరిస్తే తెరిచినట్టు, మూస్తే మూసినట్టు ఉంటుంది. మూస్తే పదును పిడిలోకి పోతుంది. వంగి పనిచేసేవాడి పొట్టలో గుచ్చుకోదు, వేరే ఒర అక్కర్లేదు. పనిచేసేవాడి ఒళ్లు తెలిసినవాడే దాన్ని చేసుంటాడు. ఫ్రాన్సులో సవోయ్ అనే కొండసీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన కర్రపిడితో ఇలాంటి చాకే చేశాడు. పల్లెటూరి రైతుల జేబుల్లోకి వెళ్లిన ఆ చాకు ఇప్పటికీ ఆయన పేరుతోనే తయారవుతోంది. అక్కడది పల్లె గౌరవం. మన దగ్గర మడతచాకు అనగానే రాంపురీ గుర్తొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పనివాళ్ల చేతిపనిని హిందీ సినిమా రౌడీ చేతిలో పెట్టింది. తెలుగు సినిమా కూడా వెనకబడలేదు. తెర మీద చాకు తెరిచినవాడు ఏ పేట నుంచి వచ్చాడో చూసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, సంక్రాంతి సెలవులకి హాస్టలు నుంచి ఇంటికొచ్చాను. ఆ వారంలోనే ఊళ్లో రెండు పెద్ద కుటుంబాల గట్టు తగాదాలో కత్తిపోట్లు పడ్డాయి. పొడిచినవాడు ఊరివాడు, పోటు పడ్డవాడూ ఊరివాడే. పోలీసులు మాత్రం మా పేటకొచ్చారు. కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు అన్నీ తెప్పించి కుప్ప పోయించారు. ఒకతను అయ్య మొల తడిమి చాకు లాగాడు. తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

“మడతకత్తెందుకురా నీకు? ఎవణ్ణి పొడుద్దామని?”

“ముల్లు తీసుకుంతాం బాబూ” అన్నాడు అయ్య.

అందరూ నవ్వారు. పేటలో మరో నలుగురి చాకులు కూడా తీసుకుని, అన్నీ గోనెసంచిలో వేసుకుని జీపెక్కించారు.

మూడో రోజున కామందుకి ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరొచ్చింది. చెప్పిన తేదీకి చెరకు తోలకపోతే వంతు పోతుంది. ముందే కొట్టి పెట్టుకుందామంటే కుదరదు. కొట్టిన చెరకు ఎండితే తూకం తగ్గుతుంది, రసంలో పంచదారా తగ్గుతుంది. కొట్టే మనుషులున్నారు, కత్తుల్లేవు. పొద్దున్నే కామందు బండెక్కి స్టేషనుకెళ్లాడు. మధ్యాహ్నానికల్లా గోనెసంచి తిరిగొచ్చింది. కత్తులొచ్చాయి, కొడవళ్లొచ్చాయి, గొడ్డళ్లొచ్చాయి. చాకు ఒక్కటీ రాలేదు. అయ్య వెళ్లి అడిగాడు.

“అదెందుకురా? దాంతో సెరుకు కొడతావేటి?” అన్నాడు కామందు.

మూరెడు చెరకు కత్తి పనిముట్టయింది. మూడంగుళాల చాకు ఆయుధమయింది. కత్తి కామందు పనికి, చాకు మా పనికి. మా చేతిలో ఇనుము ఆయన పొలంలో ఉన్నంతసేపు ఎవరికీ భయం లేదు. అది మా రొంటిలోకి వచ్చిందంటే భయం పుట్టుకొస్తుంది.

డిగ్రీలో ఉండగా చట్టం తిరగేశాను. 1959 ఆయుధాల చట్టం కింద 1962లో వచ్చిన నిబంధనలు కత్తికి కొలత పెట్టాయి. అలుగు 9 అంగుళాలకు మించి పొడవుండాలి, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పుండాలి. అప్పుడైనా ఇంటిపనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకీ చేసినవాటిని వదిలేశాయి. అంటే ఆ రోజు చట్టం మా అయ్య పక్షానే ఉంది. మా పేటకి మాత్రం రాలేదు. చట్టం అలుగుని కొలిచింది, ఊరు కులాన్ని కొలిచింది.

ఈ దేశంలో కిందివాళ్లు ఎందుకు తిరగబడలేదని 1936లో ‘కులనిర్మూలన’లో అంబేడ్కర్ అడిగాడు. చాతుర్వర్ణ్యం వాళ్లకి ఆయుధమూ చదువూ అందకుండా చేసిందని తనే జవాబు చెప్పాడు. ఆయుధం ఎవరి దగ్గరుందో తరవాతి లెక్కలూ చెప్తాయి. 1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్లూ బరిసెలూ పట్టుకొచ్చింది మాదిగపల్లె కాదు. చనిపోయిన ఆరుగురూ మాదిగలు. మా ఉత్తరాంధ్రలోనే 2012 జూన్ 12న లక్ష్మింపేటలో దాడి జరిగింది. అందులో ప్రాణాలు పోయిన అయిదుగురూ దళితులే. అయినా ఊళ్లో ఏం జరిగినా కత్తుల కోసం వెతికేది మా పేటలే.

చదువుకునే పిల్లలకీ, పేటల్లో తిరిగే కార్యకర్తలకీ ఒక మాట. సోదాలో తీసుకున్న ప్రతి వస్తువుకీ జాబితా రాయాలని, సాక్షులతో సంతకాలు పెట్టించాలని, ఇంటివాడికి నకలివ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత అయితే సోదానీ స్వాధీనాన్నీ వీడియో కూడా తీయమంటోంది. పేటలో జీపాగితే ముందు ఆ కాగితం అడగండి.

మా అయ్యకి ఎవరూ కాగితం ఇవ్వలేదు. ఆయన మళ్లీ చాకు కొనలేదు. అమ్మ ముళ్లు పిన్నీసుతో తీసేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. అందుకని ఆ జాబితా నేనే రాస్తున్నాను.

మడతచాకు ఒకటి. నల్లకర్ర పిడి, ఇత్తడి మేకులు రెండు. అలుగు మూడంగుళాలు, నూరి నూరి మొనవైపు సన్నబడింది. వాడిన పని: అరికాళ్లలో ముళ్లు తీయడం. సొంతదారు: మా అయ్య. నకలు: మీకు.