మంచు కరగిన నాడు

1889లో బొగ్గు తవ్వకమునకు శ్రీకారము చుట్టిన ఇల్లెందునకు పొరుగున, టేకు చెట్ల నీడలో నున్న టేకులపల్లియందు పుట్టి పెరిగిన నాకు, చలి యనగా ధనుర్మాసపు తెల్లవారుజామున వాకిట నెగడు వేసికొని, ఇరుగుపొరుగులతో చుట్టును గూర్చుండుటకు దొరకిన నెపముగానే తెలియును. అది ప్రాణములు తీయగలదని 2021 ఫిబ్రవరిలో, అమెరికాలోని డల్లాస్ నగర సమీపమున, మా యింటనే యెరిగితిని.

ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటిన పిమ్మట విద్యుత్తు పోయెను. సహజవాయువును తోడు బావులును, విద్యుత్కేంద్రములలోని యంత్రములును గడ్డకట్టగా, టెక్సాస్ విద్యుద్వ్యవస్థ పొరుగు రాష్ట్రములతో దాదాపు సంబంధము లేనిదగుటచే వెలినుండి తగినంత సాయము రాక, వ్యవస్థ యంతయు ఐదు నిమిషములలో కుప్పకూలనున్న తరుణమున అధికారులు సరఫరాకు కోత విధించిరి. సుమారు 45 లక్షల యిండ్లు చీకటిపాలైనవి. మరునాడు డల్లాస్‌లో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల సెల్సియస్. మా హీటరు వాయువుతో మండునదే యైనను, దాని పంకా విద్యుత్తు లేనిదే తిరుగదు.

కరోనా కారణమున స్వదేశమునకు మరల వీలుగాక మా యొద్దనే నిలిచిపోయిన అమ్మ, "ఇంట్ల కుంపటి ముట్టిద్దాం బిడ్డా" అన్నది. పెంకుటిండ్లవలె గాలి చొరబడు కట్టడములు కావివి యని వారించితిని. రాష్ట్ర ఆరోగ్యశాఖ పిదప లెక్కించిన 246 మరణములలో చలికి బలియైనవారే యధికులు. మూసిన యిండ్లలో విషవాయువు సోకి పోయినవారును కలరు.

అంతట అమ్మ, ఊరినుండి తెచ్చుకొన్న పాతచీరల బొంతను హాలులో పఱచి, నన్నును, నా భార్యను, పిల్లలిద్దరిని దానిపైకి చేర్చినది. మూడు రాత్రులు ఆమె మాటలే మాకు నెగడైనవి. వేసవి తొలినాళ్ళ వేకువలో అడవి నేలపై రాలిన యిప్పపూలను గంపల కెత్తుకొను ముచ్చట చెప్పుచుండగా, తెలుగు సగమే తెలిసిన పిల్లలు ప్రతి మాటకు అర్థమడుగుచు, ఆమె వెచ్చని చేతులలో తమ చేతులుంచి నిదురించిరి.

నాలుగవనాడు దీపములు వెలిగినవి, మంచు కరగసాగెను. అప్పుడు పైకప్పునుండి నీరు ధారగా కురిసెను. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బి గొట్టమును చీల్చును; కాని యా మంచే బీటకు బిరడాయై, కరగువరకు గాయమును బయటపడనీయదు.

నీటిని తోడి యలసి హాలులోనికి వచ్చితిని. పిల్లలు తెరల ముందరి చదువులకు, మేము మా కొలువులకు మరలియుంటిమి. అమ్మ యొక్కతెయే బొంతను మడచుచున్నది. "కరెంటొచ్చింది గదా, ఎవరి రూములకు వాళ్లు పోయిండ్రా బిడ్డా?" అని మెల్లగా నడిగినది. ఏడాదిగా మా నడుమనే యుండియు ఆమె యెంత యొంటరియో నాకు అప్పుడు తెలిసెను.

గొట్టమును బాగుచేయువాని కొరకు వారము దినములు వేచితిమి. మా నడుమనున్న ఈ బీటకు అంతకాలము వేచియుండరాదని, ఆ రాత్రియే పిల్లలను బిలిచి, దీపములు వెలుగుచుండగనే, బొంతను మరల హాలులో పఱపించితిని.