నూట ముప్పయి మీటర్లు

తెలుగు లెక్చరరు పరుగెత్తుతాడంటే ఎవరూ నమ్మరు. పద్యాలకు గణాలు లెక్కపెట్టుకునే మనిషికి పరుగేమిటని లోకం అభిప్రాయం. కాని నలభై అయిదో ఏట డాక్టరుగారు నా రక్తంలో చక్కెర చూసి కళ్ళెర్రజేసిన నాటినుంచి, తాండూరు బండి అందుకునేలోగా బషీరాబాద్ పొలాల బాటన రోజూ అయిదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. అయిదని నేననుకున్నాను లెండి.

మొన్న దసరాకు మా బావమరిది ఒక గడియారం కొనిపెట్టాడు. జి.పి.ఎస్. గడియారాల్లో చవకరకం. పటాలు లేవు, పాటలు లేవు. ఎంత దూరం, ఎంత సేపు – అంతే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి పలుకు దానికి వినబడాలి. ఒక్కొక్క పలుకూ ఎంతసేపట్లో చేరిందో చూసి, మనమెక్కడున్నదీ తేల్చుకుంటుంది. అందాకా చెట్టు నీడన కాక బయలున నిలబడాలి. చెయ్యెత్తుకుని నిలుచున్న నన్ను చూసి, ఎడ్లు తోలుకుపోతున్న ముసలాయన, "ఏంది సారూ, వానకు మొక్కుతున్నవా?" అన్నాడు.

తొలిరోజే నా అయిదు కిలోమీటర్లు 4.30 అని తేలింది. సహజంగానే నాకు గడియారంమీద అనుమానం వచ్చింది. ఆదివారం పెద్దరోడ్డున కిలోమీటరు రాయినుంచి రాయిదాకా పరుగెత్తి చూశాను. పోయేటప్పుడు 1.00, వచ్చేటప్పుడు 0.99. ఇక నోరెత్తలేదు.

నా పరువు సంగతి అలా ఉంచండి. అదే బాటమీద నలుగురు కుర్రాళ్ళు కానిస్టేబులు ఉద్యోగానికి సాధన చేస్తూంటారు. అందులో ఒకడు నా పాత శిష్యుడు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్ళు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. వాడు అప్పుడు తప్పాడు. ఇక్కడ గడువులోపల ఎన్నోసార్లు వచ్చినవాణ్ణి అక్కడెందుకు తప్పానా అని ఆనాటినుంచీ తన గుండెధైర్యాన్నే అనుమానించుకుంటున్నాడు. వాళ్ళ 1600 అంటే, కల్వర్టునుంచి చింతచెట్టుదాకా. ఎవరిదో మోటారు సైకిలు మీటరు చూసి పెట్టుకున్న గుర్తు.

నేనా ముక్కను మూడు రోజులు పరుగెత్తాను. 1.47, 1.48, 1.47.

మోటారు సైకిలు అబద్ధమాడిందనను. దాని మీటరులో చివరి అంకె వంద మీటర్లకొకసారి తిరుగుతుంది. సరిగ్గా తిరగబోయే వేళ బయలుదేరితే, పోని వంద మీటర్లు పోయినట్టే లెక్క. పైగా టైరు అరిగిందంటే చుట్టుకొలత తగ్గి, అదే దూరానికి ఎక్కువసార్లు తిరిగి, ఇంకొంత కలుపుతుంది.

చెప్పడమా, మానడమా? వాడు చింతచెట్టుదాకా 7 నిమిషాల 5 సెకన్లలో వస్తున్నాడు. నా లెక్కన అసలు 1600 మీటర్లకు 7 నిమిషాల 40 సెకన్లు దాటుతుంది. ఉన్న ధైర్యం కూడా పోగొట్టినవాణ్ణవుతానేమోనని వారం రోజులు ముఖం చాటేశాను. పరీక్ష పేపర్లలో మార్కులు కొయ్యడానికి ఇంత బాధ ఏనాడూ పడలేదు. చివరికి కల్వర్టుమీద కూర్చోబెట్టి చెప్పేశాను.

వాడు చాలాసేపు ఉలకలేదు. తర్వాత మెల్లగా, "అంటే సారూ, అప్పుడు నేను బుగులువడి తప్పలేదన్నట్టేనా?" అన్నాడు.

నాకు తట్టని ప్రశ్న అది. కాదన్నాను.

మర్నాడు వాడు చిన్న ముంతలో సున్నం తెచ్చాడు. నేను ముందు, నలుగురూ వెనక. చింతచెట్టు దాటి గడియారం 1.60 చూపిన చోట ఆగాను. కందిచేను గట్టున ఎవరో పడేసిన తాండూరు బండ ఒకటి ఉంది. దానిమీద అడ్డంగా గీత గీశాడు.

ఆ గీతదాకా తొలిసారి 7 నిమిషాల 46 సెకన్లు పట్టింది. రొప్పుతూ వచ్చి నా మణికట్టు పట్టుకుని చూసుకుని, "రేపు గూడ తెస్తరా సారూ?" అని అడిగాడు.