కొండ దిగివచ్చిన గుడి

ఇంగ్లండు దేశపు దక్షిణ భాగంలో సాల్జ్‌బరీ అనే పట్టణమున్నది. దానికి ఉత్తరాన మూడు కిలోమీటర్ల దూరంలో ఓల్డ్ సారమ్ అనే పాత కోట ఉన్నది. మా అమ్మాయి ఆ దేశంలో నర్సుగా పనిచేస్తున్నందున, గడచిన వేసవిలో ఆ కోటను చూచే భాగ్యం మా ఇద్దరికీ కలిగినది. అక్కడ తెలుసుకొన్న సంగతులు మన గ్రామ సంఘాలకు పనికివస్తాయని తలచి ఇది వ్రాస్తున్నాము.

అది మన కొండవీడు వంటి రాతికొండ కాదు. సుద్దనేల మీద గడ్డి పెరిగిన పెద్ద దిబ్బ. క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతంలో అక్కడి ప్రజలు దాని చుట్టూ లోతైన కందకం త్రవ్వి, ఆ మట్టినే గట్టుగా పోసి కోట చేసుకొన్నారు. తరువాత రోమీయులు వచ్చారు. 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజు, ఆ పాత గట్టు నడుమ మరొక కోట లేపాడు. బయటి ఆవరణలో బిషప్పులు పెద్ద దేవాలయం కట్టి 1092లో ప్రతిష్ఠించారు. ప్రతిష్ఠ జరిగిన ఐదు దినములకే గాలివానకు అది దెబ్బతిన్నది. మరల కట్టుకొన్నారు.

ఇప్పుడు రాజు కోటలో మిగిలినవి చెకుముకిరాళ్ళ మొండిగోడలు, ఒక బావి. దేవాలయమైతే గోడలు కూడ లేవు. గడ్డిలో దాని పునాదుల ఆకారం మాత్రం కనబడుతుంది. మా మనుమరాలు, "తాతయ్యా, గుడి ఏదీ?" అని అడిగింది. అప్పటికి మేము గుడి నడుమనే నిలబడియున్నాము.

అంత గుడిని ఎందుకు విడిచారు? కొండమీద గాలి హోరుకు పాడేవారి స్వరం ఒకరిది ఒకరికి వినబడేది కాదట. నీళ్ళకు కటకట. అన్నిటికంటె మించి, గుడి రాజు కోటలో ఉన్నందున సైనికులు కావలి కాచేవారు. ఆరాధనకు వచ్చే భక్తులకు త్రోవ సుఖంగా ఉండేది కాదు. బోర్డుమీది ఈ మాటలు చదివి మా అల్లుడు, "మామయ్యగారూ, ఇదేదో మన ఊరి తగవులాగే ఉన్నదండీ" అన్నాడు.

నిజమే. మా ఊరి గుడి మిషనరీ దొరల కాలపు పెంకుటి గుడి, పల్లపు సందులో ఉన్నది. వానాకాలం మోకాటి లోతు నీళ్ళు. రోడ్డు ప్రక్కన స్థలమిస్తామని ఒకరు ముందుకు వచ్చారు. సగం మంది పోదామంటారు. సగం మంది పెద్దల సమాధులు విడిచి రామంటారు. రెండేళ్ళుగా ప్రభువు బల్లయొద్ద కూడ ఒకరి ముఖం ఒకరు చూచుకోవడం లేదు. మా తొలిచూలు బిడ్డ ఆ గుడి వెనుకనే నిద్రించుచున్నాడు గనుక మేము రెండవ పక్షంలోనే ఉన్నాము.

ఓల్డ్ సారమ్ సంఘం ఏమి చేసిందో చూడండి. 1218లో పోపు అనుమతి తెచ్చుకొన్నారు. 1220లో క్రింద నది ప్రక్కన పచ్చికలో క్రొత్త గుడికి శంకుస్థాపన చేశారు. అది 1258 వరకు పూర్తిగా ప్రతిష్ఠ కాలేదు. అయినా 1226లోనే కొండమీద పాతిపెట్టిన ముగ్గురు బిషప్పుల అవశేషాలను క్రిందికి తెచ్చుకొన్నారు. కట్టడం పూర్తికాకముందే చనిపోయినవారికి చోటు చూపించారన్నమాట! ఐగుప్తు విడిచేటప్పుడు ఇశ్రాయేలీయులు యోసేపు ఎముకలు మోసికొనిపోయిన సంగతి మాకు జ్ఞాపకం వచ్చింది. తరువాత 1331లో రాజు సెలవుతో పాత గుడి రాళ్ళను కూడ దించి క్రొత్త గుడి ప్రహరీకి వాడుకొన్నారు.

జనం దిగిపోయిన తరువాత కొండకు పేరు మాత్రం మిగిలినది. ఇంచుమించు కాపురముండేవారే లేని ఆ చోటినుండి పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు వెళ్ళేవారు. 1691లో ఆ భూమిని కొన్న థామస్ పిట్ అనే ఆయన తరువాత మద్రాసు గవర్నరు అయ్యాడు. మన కృష్ణా తీరపు గనుల్లో దొరికిన పెద్ద వజ్రాన్ని కొన్నది ఆయనే. ఆయన మనుమడు విలియం పిట్ 1735లో ఆ చోటినుండే పార్లమెంటులో ప్రవేశించాడు. 1832లో చట్టం చేసి ఆ పద్ధతి ఎత్తివేశారు. మా సంఘ రిజిస్టరులో కూడ పట్నం పోయి స్థిరపడినవారి పేర్లు ఎన్నో ఉన్నవి. పేర్లు నిలుపుకొన్నంత మాత్రాన సంఘం నిలువదు గదా!

గట్టుమీద నుండి చూస్తే సాల్జ్‌బరీ దేవాలయపు శిఖరం స్పష్టంగా కనబడుతుంది. దాని ఎత్తు 123 మీటర్లు. మేమిద్దరం గాలికి చెవులు మూసికొని చాలాసేపు దానివైపే చూచాము. మా మనస్సులో ఉన్నది మాత్రం మా ఊరే.

ఆ రాత్రే సంఘ పెద్దలకు జాబు వ్రాశాము. ఇటుకల లెక్క వేయకముందు సమాధుల సంగతి తేల్చండి. తీసికొనిపోగలిగినవారిని తీసికొనిపోదాము. తక్కినవారి చుట్టూ గోడ కట్టి, ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా అక్కడికి వచ్చి పాడునట్లు తీర్మానం వ్రాసుకొందాము. ఆ తీర్మానం మీద రెండు పక్షాలవారు సంతకం చేసిన దినమున, మా బిడ్డను విడిచిపోతున్నామనే దిగులు లేక మేమును రోడ్డు ప్రక్కన గుడికి వస్తాము. మొదటి సంతకం మాదే చేస్తామని కూడ వ్రాశాము.