పాలారు వెంట మట్టి దారి

పాలారు నది కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాలో, నందికొండల చేరువలో ఉన్న తలగవార దగ్గర పుడుతుంది. మొత్తం పొడవు 348 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు ప్రవహించి, చెన్నైకి దక్షిణాన వయలూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ నదిలో కనిపించేది ఇసుకే. వానాకాలంలో వచ్చిన నీటిని తూములు, కాలువలు ఎప్పటికప్పుడు చెరువులకు మళ్ళిస్తాయి. నీటితో పాటు సన్నని ఒండ్రు కూడా చెరువుల్లోకి చేరి అడుగున పేరుకుంటుంది. నది దారి పొడవునా కుమ్మరుల ఊళ్ళు వెలిసింది ఈ ఒండ్రు ఉన్న చోటనే. అందువల్ల గుడియాత్తం, వేలూరు, అరక్కోణం ప్రాంతాల కుండల కథకు మొదలు నీటి కథలో ఉంది.

ఈ నదీ పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాళ్ళ నేల. ఆ రాళ్ళలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం వేల ఏళ్ళు ఎండకు ఎండి, వానకు నాని, విచ్చిపోయి బంకమట్టిగా మారుతుంది. వరదలో బరువైన ఇసుక ముందుగా నది అడుగుకు దిగిపోతుంది, తేలికైన బంకమట్టి నీటితో ఇంకా దూరం సాగుతుంది. నీరు నిలిచిన చోట మాత్రమే ఆ మట్టి కిందికి దిగుతుంది. పాలారు గర్భంలో ఇసుక తిన్నెలు, పక్కనున్న చెరువుల్లో జిగురు మట్టి ఉండడానికి కారణం ఇదే. కుండకు ఇసుక ఒక్కటే ఉంటే నిలవదు, బంకమట్టి ఒక్కటే ఉంటే ఎండేటప్పుడు పగులుతుంది. రెండూ తగు పాళ్ళలో కలవాలి. ఇక్కడి కుమ్మరికి ఆ రెండూ ఒక నది నుంచే అందుతాయి.

పుట్టిన చోటు దాటాక నది కోలారు జిల్లాలో బేతమంగళం చెరువును నింపుతుంది. కోలారు బంగారు గనుల పట్టణానికి మంచినీరు ఇచ్చిన చెరువు ఇది. 1903 నవంబరులో ఎగువ చెరువుల కట్టలు తెగి వచ్చిన వరద దిగువన తమిళనాడులో ఉన్న వాణియంబాడిని ముంచెత్తింది. నది నీటి మీద రాష్ట్రాల మధ్య తగవు అంతకు ముందు నుంచే ఉంది. మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య 1892లో కుదిరిన నదీజలాల ఒప్పందపు జాబితాలో పాలారు కూడా చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో నది కుప్పం ప్రాంతం గుండా సాగి, పుల్లూరులోని కనకనాచియమ్మ గుడి దగ్గర తమిళనాడులోకి ప్రవేశిస్తుంది. అక్కడి చెక్‌డ్యాం ఎత్తును 2016లో ఆంధ్రప్రదేశ్ పెంచినప్పుడు రెండు రాష్ట్రాల మధ్య వివాదం మళ్ళీ రేగింది.

తమిళనాడులో మొదట తగిలే పెద్ద ఊళ్ళు వాణియంబాడి, ఆంబూరు. రెండూ తోళ్ళ పరిశ్రమకు పేరుపడ్డవి. దక్షిణాన తిరుపత్తూరు వైపు పయ్యంపల్లిలో 1960 దశకంలో భారత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. నవీన శిలాయుగపు బూడిదరంగు పాత్రలు, ఆ తర్వాతి కాలపు నలుపు ఎరుపు పాత్రలు అక్కడ బయటపడ్డాయి. ఒకే పాత్రకు లోపల నలుపు, బయట ఎరుపు రావడం వెనుక ఉన్నది నిప్పు పనితనం. గాలి బాగా తగిలిన వైపు మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, గాలి అందక పొగలో మగ్గిన వైపు నల్లబడుతుంది. ఈ కిటుకు నేటి కుమ్మరులకూ తెలిసిందే. ఎర్ర కుండ కావాలంటే ఆవాన్ని గాలి ఆడేలా పేరుస్తారు, నల్ల చట్టి కావాలంటే చివర్లో కప్పేసి పొగ పట్టిస్తారు.

ఆంబూరు దాటాక ఉత్తరం వైపు నుంచి కౌండిన్య నది పాలారులో కలుస్తుంది. చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు కొండల నీటిని ఇది మోసుకొస్తుంది. ఈ నది పేరుతోనే అక్కడ ఏనుగుల అభయారణ్యం ఉంది. పలమనేరు టెర్రకోట పనికి పేరున్న ఊరు. బెంగళూరు దారిలో వెళ్ళేవాళ్ళు ఆగి కొనుక్కునే గుర్రాలు, ఏనుగులు, పూలతొట్లు, వేలాడే దీపాలు అక్కడి కుమ్మరుల చేతివే. వంటకుండలకు గిరాకీ తగ్గిన కాలంలో వాళ్ళు ఇంటి ముందు, తోటలో పెట్టుకునే అలంకార వస్తువుల వైపు మళ్ళారు. సారె మీద విడివిడిగా తీసిన గొట్టాలు, గిన్నెలు పచ్చిగా ఉండగానే అతికి గుర్రం ఒళ్ళు, కాళ్ళు, మెడ తయారు చేస్తారు. కుండ చేసే చేయి బొమ్మ చేయడానికి కొత్త విద్య నేర్వనక్కరలేకపోయింది, పాత విద్యనే ముక్కలుగా వాడుకుంటే సరిపోయింది.

కొండలు దిగే చోట 2001లో పూర్తయిన మోర్దానా ఆనకట్ట కౌండిన్యను ఆపుతుంది. దాని దిగువన నది ఒడ్డునే గుడియాత్తం ఉంది. లుంగీల నేత, అగ్గిపెట్టెల తయారీ ఈ పట్టణపు ప్రధాన వృత్తులు. 1954లో కామరాజు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాక ఇక్కడి నుంచే ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. ఏటా మే నెలలో జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవానికి తమిళులతో పాటు చిత్తూరు వైపు తెలుగువాళ్ళూ పెద్ద సంఖ్యలో వస్తారు. ఈ సీమలో తెలుగు ఇళ్ళు, తమిళ ఇళ్ళు ఒకే వీధిలో ఉంటాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, గుడియాత్తం, వేలూరు, అరక్కోణం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లావే.

గుడియాత్తం నుంచి కాట్పాడి వైపు సాగే దారికి చేరువలో కరిగిరి ఉంది. 1955లో మొదలైన కుష్ఠు వైద్య పరిశోధన కేంద్రం వల్ల ఈ ఊరి పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆ కేంద్రానికి ముందు నుంచీ కరిగిరికి ఇంకొక పేరు ఉంది, అది అలంకార మట్టిపాత్రలది. మామూలు కుమ్మరివాడల్లో నీళ్ళకడవ, కూరచట్టి, మూకుడు, ప్రమిద తయారవుతాయి. కరిగిరి పేరు తెచ్చినవి పూలకుండీలు, కూజాలు, రంగు పూత పూసిన అలంకరణ సామగ్రి.

పని మొదలయ్యేది చెరువులో. నీరు తగ్గిన నెలల్లో మట్టిని తవ్వి తెచ్చి, ఎండబెట్టి, గడ్డలు కొట్టి, నీళ్ళలో నానబెడతారు. రాళ్ళు, వేళ్ళు తీసేశాక సన్నటి ఇసుక కలిపి కాళ్ళతో తొక్కుతారు. మట్టిలో గాలి బుడగ మిగిలితే పాత్ర గోడ ఆ చోట బలహీనపడుతుంది కనుక ఈ తొక్కుడులో తొందర పనికిరాదు. సారె మీద పాత్ర అంచు, మెడ, పైభాగం తయారవుతాయి. పెద్ద కుండకు అడుగు భాగం సారె మీద రాదు. కొంచెం ఆరాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్కతో తట్టుతూ అడుగును గుండ్రంగా సాగదీస్తారు. ఈ తట్టడం వల్ల గోడ పలచబడుతుంది, మట్టి గట్టిపడుతుంది. గుండ్రటి అడుగున్న కుండ పొయ్యి మీద అన్ని వైపులా సమంగా కాగుతుంది, మూల లేనందున పగుళ్ళు తక్కువ.

నీడన ఆరిన పాత్రలను ఆవంలో పేర్చి, కట్టెలు, గడ్డి, పిడకలతో కాలుస్తారు. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాటే వేళకు బంకమట్టి తన నిర్మాణంలో ఇమిడి ఉన్న నీటిని కోల్పోతుంది, ఆ తర్వాత అది మళ్ళీ బురద కాదు. పూత లేని కుండలు 700 నుంచి 900 డిగ్రీల మధ్య కాలుతాయి. వాటి గోడల్లో సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీళ్ళకడవ చల్లగా ఉండేది వాటి గుండా నీరు చెమ్మగా ఊరి ఆవిరవడం వల్లనే. అలంకార పాత్రకు ఈ రంధ్రాలు పనికిరావు, వాటిని మూయడానికి గాజుపూత కావాలి. ఇసుకరాయి పొడిలోని సిలికాను తక్కువ వేడికే కరిగించే పదార్థంతో కలిపి, పాత్ర మీద పూసి, మళ్ళీ కాలిస్తే అది గాజు పొరగా అంటుకుంటుంది. అందులో రాగి కలిస్తే ఆకుపచ్చ, ఇనుము కలిస్తే గోధుమ రంగు, కోబాల్టు కలిస్తే నీలం వస్తాయి. పూతా, మట్టీ చల్లారేటప్పుడు ఒకే మేరకు కుంచించుకోకపోతే పూత నెర్రెలిస్తుంది. అందుకే ఏ చెరువు మట్టికి ఏ పూత సరిపడుతుందన్నది ఒక్కొక్క ఊరూ తనకు తానుగా తేల్చుకోవలసిన లెక్క.

ఇలాంటి ఊళ్ళను రహదారితో ముడిపెట్టడంలో జపాన్ అనుభవం చెప్పుకోదగ్గది. అక్కడ 1993లో ప్రభుత్వం దారిమజిలీల పథకం మొదలుపెట్టింది. బండి ఆపుకొనే చోటు, మరుగుదొడ్లు, ఊరి పంటలు, చేతిపనులు అమ్మే అంగడి ఒకే చోట ఉండడం దాని పద్ధతి. మొదట 103 మజిలీలు నమోదయ్యాయి, ఇప్పుడు 1,200 దాటాయి. ఫుకువోకా రాష్ట్రంలోని కొయిషివారా మజిలీలో ఆ లోయ కుమ్మరుల పాత్రలు ఒకే కప్పు కింద దొరుకుతాయి. కొయిషివారా కుమ్మరి ఒకడు కొండ దాటి వెళ్ళడంతో 1705లో మొదలైంది ఒంటా కుమ్మరివాడ. అక్కడ వాగు నీరే మట్టిని దంచుతుంది. చెక్క దూలానికి ఒక చివర తొలిచిన తొట్టిలో నీరు నిండగానే అది ఒరిగి నీటిని పారబోస్తుంది, రెండో చివర ఉన్న రోకలి మట్టి మీద పడుతుంది. కొండ మట్టి అక్కడ రాయిలా గట్టిది కనుక ఈ దంపుడు తప్పదు. పాలారు చెరువుల్లో ఆ పని నది ముందే చేసి పెట్టింది.

పాలారు సీమ కుమ్మరులకు అంగడి పండుగలతోనే తెరుచుకుంటుంది. జనవరిలో పొంగలి కుండలు, వినాయక చవితికి బొమ్మలు, కార్తీకంలో ప్రమిదలు, తెలుగువారి పెళ్ళిళ్ళలో అరివేణి కుండలు అమ్ముడుపోతాయి. వానాకాలంలో మట్టి తవ్వడానికీ, ఆరబెట్టడానికీ వీలుండదు. ఆ నెలలకు తమిళనాడు ప్రభుత్వం కుమ్మరి కుటుంబాలకు ఆర్థిక సాయం ఇస్తోంది. చెరువు మట్టి తీసుకోవడానికి అనుమతుల చిక్కు చాలా కాలం ఉండేది. 2024లో రైతులకూ కుమ్మరులకూ తహసీల్దారు స్థాయిలోనే ఉచితంగా అనుమతి ఇచ్చే ఏర్పాటు చేశారు. చెరువులో పూడిక తీయడం, కుమ్మరికి మట్టి అందడం ఒకే పనిలో సాగుతాయి కనుక ఈ ఏర్పాటు రెండు వైపులా మేలు చేస్తుంది.

వేలూరు పాలారుకు దక్షిణపు ఒడ్డున, కాట్పాడి ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. విజయనగర కాలపు కోట, అందులోని జలకంఠేశ్వరాలయం, 1806 జులై 10 నాటి సిపాయిల తిరుగుబాటు వేలూరుకు చరిత్రలో చోటిచ్చాయి. దిగువన ఉత్తరం నుంచి పొన్నై కలుస్తుంది. చిత్తూరు పట్టణం గుండా పారే నీవా నదే ఇది.

ఆ దిగువన రాణిపేటలో మట్టి పని కర్మాగారపు రూపం ఎత్తింది. ప్యారీ సంస్థ 1906లో ఇక్కడ సూపర్ ఫాస్ఫేట్ ఎరువుల తయారీ మొదలుపెట్టింది. అదే సంస్థ 1952లో ప్యారీవేర్ పేరుతో పింగాణీ మరుగుదొడ్డి సామగ్రి తయారీకి దిగింది. 2006లో స్పెయిన్ దేశపు రోకా అందులో భాగస్వామిగా చేరింది, తర్వాత వ్యాపారం పూర్తిగా దాని చేతికి వెళ్ళింది. మరోవైపు తోళ్ళ శుద్ధిలో వాడే క్రోమియం లవణాలు నది నీటినీ, బావులనూ చెడగొట్టాయి. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే నష్టాన్ని భరించాలన్న సూత్రాన్ని భారత చట్టంలో భాగంగా నిలబెట్టింది.

వాలాజాపేట, ఆర్కాటుల వద్ద 1858లో పూర్తయిన ఆనకట్ట నదిని నాలుగు కాలువలుగా పంచుతుంది. సక్కరమల్లూరు, దూసి కాలువలు దక్షిణానికీ, కావేరిపాక్కం, మహేంద్రవాడి కాలువలు ఉత్తరానికీ వెళ్తాయి. పల్లవుల కాలపు కావేరిపాక్కం చెరువు తమిళనాడులోని అతి పెద్ద చెరువుల్లో ఒకటి. మహేంద్రవాడిలో ఒకే బండను తొలిచి పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ విష్ణువుకు గుడి కట్టించాడు. అక్కడి శాసనం ఆ గుడి మహేంద్ర తటాకం ఒడ్డున ఉన్నట్టు చెబుతుంది. అంటే ఏడో శతాబ్దపు తొలినాళ్ళకే ఈ మెట్టనేలలో నీటిని నిలిపే పని మొదలైంది.

మహేంద్రవాడికి తూర్పున అరక్కోణం ఉంది. పాలారు ఈ ఊరిని తాకదు, దాని నీరు కాలువల ద్వారా పరిసర చెరువులకు చేరుతుంది. 1856 జులై 1న చెన్నైలోని రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచిన దక్షిణాది తొలి రైలు ఈ దారినే వెళ్ళింది. తర్వాత రేణిగుంట, చెంగల్పట్టు మార్గాలు కలిసి అరక్కోణం పెద్ద జంక్షన్ అయింది. 2019లో వేలూరు జిల్లాను మూడుగా విడదీసినప్పుడు ఇది రాణిపేట జిల్లాలోకి వచ్చింది. కావేరిపాక్కం చెరువు మిగులు నీరు కొసస్థలైయారులో కలిసి, అరక్కోణం సీమ దాటి, చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయానికి చేరుతుంది. అసలు నది కాంచీపురం, చెంగల్పట్టుల మీదుగా వయలూరు చేరుతుంది. సముద్రానికి అందేది వరద మిగులు, ఇసుక. బంకమట్టిలో చాలా భాగం దారిలోని చెరువుల్లోనే నిలుస్తుంది. చెరువులు నిండి, పూడిక తీసినంత కాలం ఈ సీమ కుమ్మరులకు మట్టి కొరత ఉండదు. వారి వృత్తి నిలవడానికి కావలసిన రెండోది కొనేవాళ్ళు, వాళ్ళను తెచ్చేది రహదారి.