పొయ్యి పక్కన పెట్టిన పెట్టె



ఈ వారం ధ్యానం మా కంప్యూటర్ వేడెక్కిన సంగతి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మన చిలుకూరు ఎండలు మీకు చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ ఎండి, వరి కోసిన మళ్లు నెర్రెలిచ్చి, మే నెలలో 44, 45 డిగ్రీలు కొడుతుంది. మా ఇంటి పైన రేకులు. ముందు గదిలో వంటింటి గోడకు ఆనించి కంప్యూటర్ బల్ల వేసుకున్నాం. ఆ గోడకు అవతల పక్కే పొయ్యి. ఇంట్లో గ్యాస్ ఉంది గానీ, సంఘానికి వండాలంటే పెద్ద గుండిగ గ్యాస్ మీద నిలవదు. పత్తికట్టెతో మండే పొయ్యే దిక్కు.

పోయిన ఎండాకాలం ఒక శనివారం సాయంత్రం ఆదివారపు వర్తమానం టైపు చేస్తున్నాం. మరునాడు ప్రేమవిందు. అమ్మగారు, ఇద్దరు సహోదరీలు వంటింట్లో పనిలో ఉన్నారు. ఉన్నట్టుండి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ వేశాం, పది నిమిషాలకు మళ్లీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు రెండు పేజీల వర్తమానం, దానితోపాటు ప్రార్థన మనవుల పట్టిక పోయాయి. సేవ్ చేయలేదు.

మేము లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ సహోదరీల ముందే అమ్మగారి మీద కేకలేశాం. "ఆ మంట కొంచెం తగ్గించలేవా? దేవుని పని పాడైపోతుంది" అన్నాం. ఆమె తిరిగి మాట అనలేదు. కట్టెలు వెనక్కి లాగి నీళ్లు చల్లింది. వంట సగంలో ఆగిపోయింది. ఆ రాత్రి ప్రార్థనకు మోకరించాం గానీ ఒక్క మాట పైకి రాలేదు.

సోమవారం కోదాడ నుంచి కంప్యూటర్ బాగుచేసే తమ్ముడు వచ్చాడు. ముందుగా, మేము దుమ్ము పడకూడదని పెట్టె మీద కప్పిన గుడ్డ తీశాడు. నడుస్తున్నప్పుడు కూడా ఆ గుడ్డ మేము తీసేవాళ్లం కాదు. వేడి గాలి బయటికి పోయే వెనుక చిల్లులు గోడకు ఆని మూసుకుపోయి ఉన్నాయి. మూత విప్పితే ఫ్యాన్ రెక్కల మీద పొగ, తాలింపు జిడ్డు, దుమ్ము కలిసి పాత దుప్పటి ముక్కలా పేరుకుంది. ప్రాసెసర్ మీద పూసే పేస్టు సున్నంలా ఎండిపోయింది.

"అయ్యగారూ, మెషిన్ తప్పేం లేదు. వేడి వంద డిగ్రీల దాకా పోతే కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతది. ఫ్యాన్ చల్లదనం పుట్టించదు, గదిలో ఉన్న గాలినే తోస్తది. పొయ్యి గోడకు పెట్టుకొని ఫ్యాన్‌ను అంటే ఏం లాభం?" అన్నాడు.

బ్రష్షుతో దులిపి, కొత్త పేస్టు బియ్యపు గింజంత పెట్టి, బల్లను ఎదుటి గోడవైపు జరిపి, గోడకు జానెడు ఎడం ఉంచాడు. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

మేము సంతోషంతో ఆ మాట అమ్మగారికి చెప్పాం. ఆమె మెల్లగా అంది: "మీ పెట్టెకు వేడి తగిలిందని ఇల్లంతా సర్దారు. నాకు తగిలిన రోజు ఒక్కసారి అడగలేదండీ."

ప్రియులారా, ఆ మాట మమ్మల్ని పొడిచింది. ఆ పెట్టెలో రెండు ఫ్యాన్లు ఉన్నాయి. వంటింట్లో ఒక్కటీ లేదు. ఫ్యాన్ వేస్తే మంట ఊగుతుందని, గ్యాస్ ఆరిపోతుందని ఆమె అన్నేళ్లూ చెమటతోనే వండింది. యంత్రం వేడి భరించలేక ఆగిపోతుంది. మన ఇంటి ఆడవాళ్లు ఆగరు. ఆగకపోవడం చూసి వాళ్లకు వేడి లేదనుకుంటాం.

యిర్మీయా 36వ అధ్యాయం చదవండి. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చొని, చదివి వినిపిస్తున్న గ్రంథపు చుట్టను కోసి కోసి నిప్పులో వేయించాడు. కానీ వాక్యం కాలిపోలేదు. బారూకు మళ్లీ రాశాడు, ఇంకా ఎక్కువ మాటలు చేరాయి. మాకు పోయిన రెండు పేజీలు కూడా తిరిగి రాసుకోగలిగాం. ఆ శనివారం మా ఇంట్లో నిజంగా కాలింది ఆ పేజీలు కాదు, అమ్మగారి మనసు. దాన్ని కాల్చింది కూడా పొయ్యి కాదు, మా నోరు. భర్త భార్యను సన్మానించకపోతే అతని ప్రార్థనలకే ఆటంకమని పేతురు రాశాడు (1 పేతురు 3:7). ఆ రాత్రి మా ప్రార్థన ఎందుకు పైకి లేవలేదో మాకప్పుడు అర్థమైంది. ఆ తర్వాతి ఆదివారం ఆ ఇద్దరు సహోదరీల ముందే అమ్మగారిని క్షమాపణ అడిగాం. ముగ్గురి ముందు అన్న మాటను ముగ్గురి ముందే వెనక్కి తీసుకోవాలి.

ఇప్పుడు వంటింటి బయటి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. అది పొగను, వేడిని బయటికి లాగుతుంది, మంటను కదిలించదు. గుండిగ పొయ్యిని పెరట్లో వేపచెట్టు కిందికి మార్చాం. ప్రేమవిందు నాడు కట్టెలు సర్దే పని మగవాళ్లది.

మీ ఇంట్లోనూ కంప్యూటర్ ఉంటే పొయ్యి గోడకు, ఎండ పడే కిటికీకి దూరంగా పెట్టండి. నడిచేటప్పుడు గుడ్డ కప్పకండి. నెలకోసారి కరెంటు తీసి దుమ్ము దులపండి. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి ఒక్క గంట నిలబడండి. అక్కడ ఎంత వేడి ఉందో మీరే చూడండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా వస్తువుల మీద మాకున్న శ్రద్ధ మా ఇంటివారి మీద లేకపోయినందుకు మమ్మును క్షమించుము. మా నోటిలోని నిప్పును ఆర్పుము. మా కోసం వేడిలో నిలబడేవారిని చూచే కళ్లు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.